పురుగు పట్టని పేపర్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో రెండింటిని నేను ముట్టుకోకూడదు. ఒకటి మా నాయన పట్టుపురుగులు. రెండోది మా తాత పేపర్లు.

పురుగుల గదిలోకి పోవాలంటే తలమీద నీళ్లు పోసుకుని, వాకిట్లో పెట్టిన సున్నపునీళ్ల తట్టలో కాళ్లు తడుపుకుని పోవాలి. పూలు పెట్టుకోకూడదు. మొహానికి పౌడరు రాసుకోకూడదు. తాలింపు పెట్టిన చేతులతో ఆకు తుంచకూడదు. తాత పేపర్లకు ఇన్ని నియమాలు లేవు. ఆయన ట్రంకుపెట్టె మూత ఎత్తితే చాలు, ఆ ఘాటుకు వసారాలో ఉన్నవాళ్లు కూడా తుమ్మేవాళ్లు. అందుకే ఆ పెట్టె జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు.

అది ఎనభై రెండో సంవత్సరం. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారిలో బస్సు దిగి, గుట్ట పక్కగా నడిస్తే మా ఊరు. మా తాత రామప్ప చిన్నప్పుడు పుంగనూరులో నాలుగు తరగతులు చదివాడు. మద్రాసులో అచ్చయిన పేపరు బస్సులో ఒకరోజు ఆలస్యంగా ఊరికి వచ్చేది ఆయన ఒక్కడికే. సాయంత్రం వసారాలో కూర్చుని పెద్దగా చదివితే పదిమంది వినేవాళ్లట. ఏదైనా పెద్ద సంగతి పడిన రోజు పేపరును మడతపెట్టి పెట్టెలో దాచేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుది, గాంధీ పోయిన రోజుది, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజుది, మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన రోజుది. పెద్ద సంగతులు లేనివి కూడా కొన్ని ఉండేవి. అవి ఎందుకు దాచాడో ఆయనకే తెలియాలి.

మా నాయన గంగాధరానికి ఆ పెట్టె అంటే చులకన. "బొరుగులు కట్టేదానికైనా పనికిరావు. వాసన" అనేవాడు. తాతకు పురుగులంటే అంతకన్నా చులకన. అప్పటికి రెండేళ్ల ముందు మా నాయన శెనక్కాయల చేను మొత్తం తీసేసి మల్బరీ నాటాడు. "మనుషులు తినేది పండించేది పోయి పురుగు తినేది పండిస్తాండాడు" అని తాత వచ్చినవాళ్లందరితో చెప్పేవాడు. తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు పోట్లాడుకునేవాళ్లు కాదు. ఇద్దరూ మా అమ్మ సిద్ధమ్మతో చెప్పుకునేవాళ్లు. ఆమె ఇద్దరికీ తల ఊపేది.

చేను తీసేశాక మాకు వేరే దారి లేదు. గుడ్లు పట్టు ఆఫీసు నుంచి రావాలి. మదనపల్లె నుంచి జయరత్నం సారు సైకిలు మోటారు మీద వచ్చి, గది చూసి, పేరు రాసుకుని పోతేనే గుడ్లు ఇచ్చేవాళ్లు. మా ఊళ్లో అట్లా పేరున్న ఇళ్లు నాలుగే. సారు మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పిపోయాడు. రోగం వచ్చి పంట పోతే గది కడిగించి మళ్లీ గుడ్లు ఇస్తాం. చేలకు కొట్టే మందు తగిలి పోతే మాత్రం ఆ ఇంటి పేరు కొట్టేస్తాం, ఇంక రాయం. "రోగం ఎవరింటికైనా వస్తాది. మందు మాత్రం మీరు తెచ్చుకుంటేనే వస్తాది" అన్నాడట. మా నాయన ఆ మాటను అన్నం తినేటప్పుడు కూడా మాకు చెప్పేవాడు. స్ప్రే డబ్బా, మందు సంచులు అన్నీ చేలో గుడిసెకు చేరాయి. ఇంట్లో దోమల మందు కూడా లేదు.

ట్రంకుపెట్టె సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అది మందు కాదు కదా, పేపర్లు.

ఉగాదికి కుప్పం నుంచి మా అత్త శాంతకుమారి వచ్చింది. ఆమె మాటల్లో మాటగా చెప్పింది. కుప్పం రైల్వేస్టేషను దగ్గర గోవిందస్వామి అని ఒకాయన ఉన్నాడు, పాత పేపర్లు, పాత స్టాంపులు కొని బెంగళూరులో దాచుకునేవాళ్లకు అమ్ముతాడు, మొన్న ఎవరో ఒక్క పేపరు ఇచ్చి కొత్త సైకిలు కొనుక్కుని పోయాడు అని. నాయన నవ్వాడు. తాత నవ్వలేదు. మరుసటి రోజు పొద్దున్నే పెట్టె తెరిచి, తుమ్ముకుంటూ తుమ్ముకుంటూ మూడు పేపర్లు ఏరి పక్కన పెట్టాడు. చిన్న అక్షరాలు ఆయనకు ఆనవు కాబట్టి నన్ను తోడు రమ్మన్నాడు.

మేము బయలుదేరేటప్పుడు నాయన వాకిట్లోకి వచ్చాడు. అప్పుడు పురుగులు మూడో జ్వరం దాటి ఉన్నాయి. పురుగు చర్మం విడిచేముందు ఆకు ముట్టకుండా తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే గూడు కడుతుంది. నాయన చేతికి ఆకు పసరు అంటుకుని ఉంది. ఆయన గొంతు నేను అంతకుముందు విననట్టుగా ఉంది.

"నిజంగా కొంటారంటావా నాయనా?"

"పోయి సూస్తే కదా తెలిసేది" అన్నాడు తాత.

"ఆ పెట్టె వంటింటి గోడకు ఆనుకోని ఉండాది. చెద ఎక్కుతాది. నేను మంచి చోట పెడతాలే. నువ్వు పోయిరా."

తాతకు ఆ మాట ఎంత బాగా నచ్చిందంటే, బస్సు ఎక్కేదాకా ఆయన నడకలో కర్ర నేలకు ఆనలేదు.

గోవిందస్వామి ఇల్లు స్టేషను వెనక సందులో ఉంది. ముందుగది నిండా కట్టలు కట్టిన పేపర్లు. ఆయన సన్నగా, చొక్కా లేకుండా, మెడలో కళ్లద్దాల తాడుతో ఉన్నాడు. తెలుగు మాట్లాడుతూ మధ్యలో అరవంలోకి జారి మళ్లీ తెలుగులోకి వచ్చేవాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అవి బాగా ఆరేదాకా మాతో ఊరు పేరు మాట్లాడాడు. ఆ తర్వాత చాప మీద తెల్లగుడ్డ పరిచాడు. తాత మొదట స్వాతంత్ర్యం నాటి పేపరు పెట్టాడు. అదే అన్నింటికన్నా గొప్పదని ఆయన నమ్మకం.

గోవిందస్వామి దాన్ని తెరవనైనా లేదు. "దీన్ని అందరూ దాచినారు పెద్దాయనా. ఊరికొకరు నా దగ్గరికి ఇదే తెస్తారు. అందరి దగ్గరా ఉండేదానికి రేటు యాడ వస్తాది?"

రెండోది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజుది. దాన్ని తెరిచి పేజీలు లెక్కపెట్టాడు. నడిమి కాగితం లేదు. అది ఏమైందో తాతకు తెలుసు. మా నాయన బడికి పోయేటప్పుడు లెక్కల పుస్తకానికి అట్ట వేసుకున్నాడు. తాత తిట్టి కూడా ఉంటాడు. గోవిందస్వామి పేపరు మూసి పక్కన పెట్టాడు. ఒంటికొమ్ము ఎద్దును సంతకు తోలుకొచ్చినట్టుంది అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ తాత మొహం చూసి తల వంచుకున్నాను.

మూడోది పెద్ద సంగతులేవీ లేనిది. యుద్ధకాలంలో ఎవరో మొదలుపెట్టి, ఏడాది తిరక్కముందే కాగితం దొరక్క మూసేసిన చిన్న పేపరు. పైన వంట నూనె ప్రకటన, కింద వానల కబుర్లు. గోవిందస్వామి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. వెలుతురుకు ఎదురుగా పట్టాడు. మూల కొంచెం వంచి చూశాడు. అది విరగలేదు. మడతల్లో వేలు పెట్టి చివరిదాకా నడిపాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"దీన్ని దాచినోడు లేడు. నేను ఇంతకాలంలో ఒక్కటి సూసినా, అది కూడా జల్లెడలాగ ఉండె. దీనికి ఒక్క బొక్క లేదు. పురుగు కాదు గదా, పురుగు నీడ కూడా పడలేదు. ఎట్ల కాపాడినావు పెద్దాయనా?"

తాత ఎదురు చూస్తున్న ప్రశ్న అదే. మొదట్లో పొగాకు కాడలు పెట్టేవాడినని, తర్వాత శెనక్కాయల చేనుకు పురుగు పట్టకుండా చల్లే గమాక్సిన్ పొడి వచ్చినాక దాన్నే వాడుతున్నానని, ప్రతి ఉగాదికీ మడత మడతకూ చల్లి పెట్టె మూస్తానని, ఈ ఉగాదికి కూడా చల్లానని తీరిగ్గా చెప్పాడు. గోవిందస్వామి వింటూ తల ఊపాడు.

"దీని రేటు ఆ పొడిదే. పుంగనూరు నుంచి వస్తివి కదా, ఈ ఒక్క పేపరుతో పుంగనూరు ఆవును తోలుకోని పోవచ్చు. నేనే మీ ఊరికి వచ్చి పెట్టె మొత్తం సూస్తా. అంతవరకు ఎవురికీ ఇయ్యద్దు."

ఆ పూట అత్త ఇంట్లో ఉండి, మరుసటి రోజు పొద్దున బస్సెక్కాము. తాత కిటికీ పక్కన కూర్చున్నాడు. మూడు పేపర్లున్న గుడ్డసంచి ఒళ్లో ఉంది. ఆవును ఎక్కడ కట్టెయ్యాలి, దానికి మేత ఎట్లా, అన్నీ నాతో మాట్లాడాడు. పురుగులు తినగా మిగిలిన మల్బరీ మండలు ఆవు తింటుందంట, అదొక్కటే ఆ చెట్టుతో లాభం అన్నాడు. పలమనేరులో బస్సు చాలాసేపు ఆగింది. కాఫీకి దిగుతాడేమో అనుకున్నాను. దిగలేదు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా నా వైపు తిరిగాడు.

"మీ నాయన ఆ పెట్టెను యాడ పెడతాననె?"

"మంచి చోట అన్నాడు తాతా."

"ఊఁ."

డ్రైవరు వచ్చి ఎక్కాడు. బస్సు కదిలింది. ఊరు దాటాక తాత మళ్లీ అడిగాడు.

"మన ఇంట్లో మంచి చోటు యాడుండాది పాపా?"

నేను ఆలోచించాను. వంటింట్లో పొగ, చెద. వసారాలో ఎండ, వాన. అటక మీద ఎలుకలు. చీమ ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టిన చోటు, ఎలుక దూరకుండా కిటికీకి వల కొట్టిన చోటు, చెమ్మ లేని చోటు, ఎండ పడని చోటు, రోజూ కడిగే చోటు మా ఇంట్లో ఒక్కటే ఉంది. పుంగనూరు దాటి మేము దిగే చోటు వచ్చేదాకా తాత సంచి పిడిని రెండు చేతులతో పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

బస్సు దిగాక ఆయన నడుస్తుంటే నేను పరుగెత్తాల్సి వచ్చింది.

వాకిట్లో అమ్మ నిలబడి ఉంది. పక్కింటి దాసప్ప కూడా ఉన్నాడు. వాళ్లింట్లో కూడా పురుగులున్నాయి, అందుకని లోపలికి రాకుండా కంచె అవతలి నుంచే మెడ చాచి చూస్తున్నాడు. పొద్దున్నే పాలబండి వాడితో జయరత్నం సారుకు కబురు పెట్టింది ఆయనే.

అమ్మ చెప్పింది ఇదీ. ముందురోజు మేము పోగానే నాయన స్నానం చేశాడు. పెట్టె తుప్పుపట్టి ఉంది, అందులో ఉంటే పేపర్లకు మరక పడుతుందని ఒక్కొక్కదాన్ని బయటికి తీశాడు. మీద బూడిదలాగా ఏదో ఉంటే, పాత దుమ్ము అనుకుని, పురుగుల తట్టలు తుడిచే మెత్తటి గుడ్డతో అన్నింటినీ తుడిచాడు. ఘాటు ఉందిలే, గాలి తగిలితే పోతుంది అన్నాడు. ఆ పెట్టె వాసన ఇంట్లో ఎవరికి కొత్త? పురుగుల తట్టలు పెట్టే స్టాండులో అన్నింటికన్నా పై అరను ఖాళీ చేసి, పేపర్లు నలగకుండా దొంతిగా పేర్చాడు. ఆ తర్వాత అదే గుడ్డతో కింది తట్టలు తుడిచి పురుగులకు ఆకు వేశాడు. పొద్దున చూస్తే పురుగులు ఆకు మీదికి ఎక్కలేదు. తలలు పైకెత్తి ఉన్నాయి. నాలుగో జ్వరం ముందే వచ్చిందేమో అని సంతోషపడ్డాడట.

జ్వరంలో ఉన్న పురుగు కదలదు. ఇవి తలలు అటూ ఇటూ ఊపుతున్నాయి. గుమ్మంలో నుంచి నేను చూశాను. ఒక్కొక్క తట్టలో వందల తలలు, ఎవరో పిలిస్తే వెతుకుతున్నట్టు. నోళ్ల నుంచి ఆకుపచ్చ నీళ్లు కారి తట్టల్లో పరిచిన కాగితమంతా తడిసి ఉంది.

నాయన లోపలే ఉన్నాడు. చేతిలో ఆ గుడ్డ ఉంది. "ఏం రోగమో తెలీటల్లేదు నాయనా" అన్నాడు.

తాత గడప దాటలేదు.

"రోగం కాదప్పా. ఆ కాగితాలకు మందుండాది."

నాయన పై అర వైపు చూశాడు. తర్వాత చేతిలోని గుడ్డ వైపు చూశాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, కింద పెట్టాడు.

పొద్దు వాలేముందు జయరత్నం సారు వచ్చాడు. చెప్పులు విప్పి, సున్నపునీళ్లలో కాళ్లు తడిపి, లోపలికి పోయాడు. ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని వేలితో తిప్పి చూశాడు. అది ముడుచుకుంది. ఆయన ముఖం నాకు కనబడలేదు, వీపే కనబడింది.

"ఈ గదిలోకి మందేమైనా వచ్చిందా గంగాధరం?"

మా నాయన అబద్ధం చెప్పగలిగే మనిషి కాదు. "సార్, అది…" అన్నాడు.

"మందు యాడ నుంచి వస్తాది సార్?" అన్నాడు తాత గడప అవతలి నుంచి. "రోగమే. పాలరోగం మాదిరి ఉండాది."

సారు తల ఎత్తాడు. పై అర చూశాడు.

"ఆ పేపర్లేంది పెద్దాయనా?"

"పాత కాగితాలు సార్. పురుగుల కింద పరిచేదానికి."

నాయన తాత వైపు తిరిగాడు. తాత ఆయన వైపు చూడలేదు. సారు పురుగును మళ్లీ తట్టలో పెట్టి చేయి తుడుచుకున్నాడు. ఆయనకు తెలుసునని నాకు ఇప్పుడూ అనిపిస్తుంది. పాలరోగం వస్తే పురుగు ఒళ్లు ఉబ్బుతుంది, ఇట్లా ముడుచుకోదు.

"రోగమని రాస్తే" అన్నాడు సారు నెమ్మదిగా, "గదిలోది ఏదీ మిగలకూడదు. పక్క ఇండ్లల్లో కూడా పురుగులుండాయి. తట్ట, ఆకు, కాగితం, అన్నీ ఈ పొద్దే కాల్చాల. నా కండ్ల ముందర. నీకు తెలుసు కదా?"

"తెలుసు సార్. కాల్చండి" అన్నాడు తాత.

చచ్చినవీ చావబోయేవీ పురుగుల్ని గుంట తీసి సున్నం వేసి పూడ్చారు. తట్టలు, పురుగులు గూళ్లు కట్టే చంద్రికలు, ఆకు ఇంటి వెనక బీట్లో కుప్ప పోశారు. పేపర్ల దొంతిని మాత్రం తాతే ఎత్తుకుని వచ్చాడు. కుప్ప మీద విసరలేదు, పేర్చాడు. నాయన అగ్గిపెట్టె తీశాడు కానీ పుల్ల గీయలేకపోయాడు. రెండు పుల్లలు విరిగాయి. తాత అగ్గిపెట్టె తీసుకున్నాడు.

మంట లేచింది. దాంతోపాటు వాసన లేచింది. నేను పుట్టినప్పటి నుంచి ఎరిగిన వాసన, కానీ అంత ఒక్కసారిగా ఎప్పుడూ పీల్చలేదు. కళ్లు మండాయి. కంచె దగ్గర దాసప్ప దగ్గడం మొదలుపెట్టాడు. ఏం వాసనప్పా ఇది, చేనుకు కొట్టే మందు మాదిరి ఉండాదే అన్నాడు. బాగా మగ్గిన కాగితాలు గదా అన్నాడు తాత. దాసప్ప ఒప్పుకోలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆయన చూపు తాత భుజానికి ఉన్న గుడ్డసంచి మీద పడింది.

"ఆ సంచిలోవి?"

గదిలో లేనివి అవి మూడే. చెప్పొచ్చు. కుప్పం నుంచి ఇప్పుడే వచ్చాయని చెప్పొచ్చు. అప్పుడు కుప్పం ఎందుకు పోయారు, ఎవరికి చూపించారు, మామూలు కాగితమైతే అంత దూరం ఎందుకు మోశారు అని దాసప్ప ఊరంతా అడిగి తెలుసుకుంటాడు. తాత ఇదంతా ఆలోచించాడో లేదో నాకు తెలియదు. సంచి విప్పి మూడింటినీ తీసి మంట మీద పెట్టాడు. పైన ఉన్నది ఆ చిన్న పేపరే. వంట నూనె ప్రకటన నల్లబడి చుట్టుకుపోయింది.

జయరత్నం సారు ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, మంటకు వీపు పెట్టి, బండి సీటు మీద కాగితం ఆనించి రోగం అనే రాశాడు. మా ఇంటి పేరు కొట్టేయలేదు. వానలు పడ్డాక గుడ్లు ఇస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

గోవిందస్వామి అన్నమాట ప్రకారం వచ్చాడు. ఎండలో బస్సు దిగి నడిచి వచ్చి, మజ్జిగ తాగి, పెట్టె తెమ్మన్నాడు. ఎలుకలు కొట్టేశాయని చెప్పాడు తాత. ఆ పొడి చల్లిన కాగితాన్ని ఎలుక ముట్టదని ఆయనకు తెలుసు. వేరేవాళ్లకు అమ్ముకున్నారని అనుకున్నాడు. పెద్దవయసులో ఇట్లాంటి మాటలు బాగుండవని మొహం మీదే చెప్పి పోయాడు. నాయన ఇదంతా మల్బరీ సాళ్లలో నిలబడి విన్నాడు. బయటికి రాలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో చులకన మాటలు ఆగిపోయాయి. తాత పురుగుల్ని ఏమీ అనేవాడు కాదు. నాయన తాతను ఏమీ అనేవాడు కాదు. అన్నానికి కూడా నాయన తనంతట తాను పిలిచేవాడు కాదు. "పాపా, తాతను పిలువు" అనేవాడు. ఒకే వసారాలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చునేవాళ్లు. అంతకుముందు తిట్టుకునేటప్పుడే ఇల్లు బాగుండేదని అమ్మ ఒకసారి నాతో అంది.

ఆషాఢం గాలులు మొదలయ్యాక గుడ్లు వచ్చాయి. గది రెండుసార్లు కడిగి, సున్నం కొట్టి, కొత్త తట్టలు తెచ్చారు. గుడ్లు పగిలి నల్లదారం ముక్కల్లాంటి పిల్లలు బయటికి వచ్చే రోజు ఇంట్లో పెద్దవాళ్లు కోడి ఈకతో వాటిని మెల్లగా లేత ఆకు మీదికి నెట్టాలి. అంతకుముందు పంటలకు తాత పిలిచినా వచ్చేవాడు కాదు. ఆ రోజు నాయన నన్ను పంపలేదు. తానే వసారాలోకి పోయి నిలబడ్డాడు.

"నాయనా. నువ్వు రా."

తాత లేచాడు. స్నానం చేసి ఉతికిన పంచె కట్టుకున్నాడు. సున్నపునీళ్లలో కాళ్లు తడిపాడు. గడప దాకా వచ్చి ఆగిపోయాడు. అరచేతులు రెండూ మొహం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకున్నాడు.

"వద్దప్పా. ఇన్నేండ్ల పొడి. గోళ్ల సందుల్లో యాడన్నా ఉంటాది."

"లేదు నాయనా. రా."

"పాప చేత చేపించు."

నాయన ఈకను నా చేతిలో పెట్టాడు. మొదటి పిల్లలు ఆకు మీదికి జారాయి. అవి బతికి ఉన్నాయో లేదో చూడటానికి నేను ఊపిరి బిగపట్టుకుని వంగాను.

"కదులుతాండాయా?" అని బయటి నుంచి అడిగాడు తాత.

"కదులుతాండాయి తాతా" అన్నాను.

పిల్ల పురుగులకు గాలి తగలకూడదు. తలుపు మూయాలి. నాయన తలుపు రెక్క పట్టుకున్నాడు కానీ మూయలేకపోయాడు, తాత ఎదురుగా ఉన్నాడు. అట్లా ఎంతసేపు ఉండేవాళ్లో. బయట తాత రెండడుగులు వెనక్కు జరిగాడు. చెయ్యి తగలకుండా, చేతికర్ర కొసతో తలుపును మెల్లగా మా వైపు నెట్టి మూసేశాడు.